ఎర్ర బంగారానికి తావి లేదు

గుంటూరు నుంచి వచ్చిన మా బావను తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో తిప్పుతున్నాను. ఒక చెక్కబొమ్మల దుకాణంలో జానెడు ఎర్రచందనం బొమ్మ కనిపించగానే ఆయన దాన్ని చేతికి తీసుకుని, చూడటం మాని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. తిరగేసి మళ్ళీ పీల్చాడు. "వాసనే లేదు, అసలుదేనా?" అన్నాడు. దుకాణదారు ఇలాంటి ముక్కులను చాలా చూసినట్టున్నాడు. "వాసన వస్తేనే అనుమానించాలి సార్. ఎర్రచందనం గుబాళించదు" అని బొమ్మను తీసి అరలో పెట్టేశాడు.

మా బావ నమ్మలేదు. ఆయన తప్పేమీ లేదు. పేరులో చందనం ఉంది. శేషాచలం అడవుల్లో దుంగలు పట్టుబడ్డాయన్న వార్త ఎప్పుడు చూసినా పత్రికల్లో ఉంటుంది. పత్రికలవాళ్ళు ఎర్రచందనాన్ని ఎర్ర బంగారం అంటారు. అంత ధర పలికే చెక్కకు పరిమళం లేదంటే ఎవరికి నమ్మబుద్ధి అవుతుంది? కానీ శ్రీగంధానికీ ఎర్రచందనానికీ చుట్టరికమే లేదు. శ్రీగంధం ఇరుగుపొరుగు చెట్ల వేళ్ళలోకి తన వేళ్ళు చొప్పించి నీరూ లవణాలూ లాక్కునే సగం పరాన్నజీవి. ఎర్రచందనం మన కందికీ వేరుశనగకూ చెందిన కుటుంబంలోది, వేగిస చెట్టుకు దగ్గరి బంధువు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది తనంతట తాను పెరగదు.

మంచికి మంచి తోడైనప్పుడు 'బంగారానికి తావి అబ్బినట్టు' అంటాం. ఆ మాట పుట్టించినవారు రసాయనశాస్త్రం చదివి ఉండరు గాని, లేనిదాన్ని సరిగ్గానే గుర్తుపట్టారు. వాసన అంటే ఒక వస్తువు నుంచి విడిపోయి, గాలిలో ఎగిరి, మన ముక్కు లోపలి తడిపొర మీద వాలిన అణువులు. ముక్కు దూరం నుంచి దేన్నీ పసిగట్టదు. ఆ వస్తువులో కొంత నిజంగానే లోపలికి రావాలి. బంగారంలో పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఒక్కటీ బయలుదేరదు. మూడు తరాల నగను పెట్టెలోంచి తీసి తూచినా తూకం తగ్గకపోవడానికీ, దానికి తావి లేకపోవడానికీ కారణం ఒకటే. పరిమళించే ప్రతి వస్తువూ ఎంతో కొంత తరుగుతూనే ఉంటుంది.

ఎర్రచందనం సంగతి తేల్చుకోవడానికి సానరాయి చాలు. మా ఇంట్లో దెబ్బ తగిలి వాచిన చోట పట్టు వేయడానికి ఒక రక్తచందనం (ఎర్రచందనానికే మరో పేరు) ముక్క, పూజకు ఒక గంధపు చెక్క ఉండేవి. రెండింటికీ ఒకే రాయి. గంధం అరగదీస్తే వంటింటిదాకా తెలిసేది. రక్తచందనం తీస్తే రాయి ఎర్రబడేది, అంతే. ఆ ఎరుపుకు ముఖ్య కారణం శాంటలిన్ అనే రంగు పదార్థం. దాని అణుభారం సుమారు 582. గంధపు నూనెకు ప్రాణమైన శాంటలాల్ అణుభారం 220. మన ముక్కుకు తెలిసే పదార్థాల అణుభారం దాదాపు ఎప్పుడూ 300 లోపే ఉంటుంది. అంతకు మించిన అణువులకు మామూలు ఎండలో ఎగిరే ఓపిక ఉండదు. శాంటలిన్ నీళ్ళలో కూడా సరిగా కరగదు. రాయి మీద మనకు కనిపించే ఎర్రటి ముద్ద కరిగిన రంగు కాదు, నీళ్ళలో తేలుతున్న సన్నటి చెక్కపొడి. సారాయిలో వేస్తే మాత్రం రంగు చక్కగా దిగుతుంది.

శాంటలాల్ కూడా తేలికైనదేమీ కాదు. నెమ్మదిగా, పొదుపుగా బయటికి వస్తుంది. పొద్దున నుదుట పెట్టుకున్న గంధం ఎండి రాలేదాకా పరిమళించేది అందుకే.

ఇక పొదుపు అన్న మాటే తెలియనిది కర్పూరం. దాని అణుభారం 152. అణువు ఆకారం దాదాపు బంతిలా ఉండటం వల్ల పక్క అణువులతో గట్టిగా పెనవేసుకోదు. సుమారు 175 డిగ్రీల దాకా వేడి చేస్తే గాని కరగదు, అయినా అల్మారాలో ఊరికే ఉంచితే మాయమైపోతుంది. ద్రవంగా మారకుండానే నేరుగా ఆవిరవుతుంది. దీన్నే ఉత్పతనం అంటారు. డబ్బు అయిపోతే 'హారతి కర్పూరం అయిపోయింది' అంటాం. పాపం, హారతి వెలిగించే అవసరం కూడా లేదు, మూత తీసి పెడితే చాలు.

కర్పూరం ఎగిరిపోకుండా డబ్బాలో నాలుగు మిరియాలు వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. మిరియాలకు ఆ శక్తి ఎలా వచ్చిందో రసాయనపరంగా నాకు దారి కనిపించదు. పని చేసేది మూత. మూసిన డబ్బాలో కర్పూరపు ఆవిరి నిండాక, బిళ్ళ నుంచి లేచే అణువులు ఎన్నో తిరిగి దాని మీద వాలేవీ అన్నే అవుతాయి. తరుగుదల అక్కడితో ఆగుతుంది. మెప్పు మాత్రం మిరియాలది. కర్పూరం మండి ఏమీ మిగల్చదన్నది కూడా సగమే నిజం. పళ్ళెంలో బూడిద ఉండదు గాని, కార్బన్ పాలు ఎక్కువ కాబట్టి మంట నల్లగా మసి కక్కుతుంది. ఆ మసి పట్టి కాటుక చేసుకున్న ఇళ్ళు ఎన్ని లేవు!

హారతి బిళ్ళ ఒకప్పుడు దాల్చినచెక్కకు దాయాది అయిన కర్పూర వృక్షం చెక్క నుంచి వచ్చేది. ఇప్పుడు చాలావరకు పైన్ చెట్ల జిగురు నుంచి తీసే టర్పెంటైన్‌తో కర్మాగారాల్లో తయారవుతోంది. అది తినేది కాదు. తీర్థంలో వేసే పచ్చకర్పూరం వేరు, దాన్ని కూడా చిటికెకు మించి వాడరు. కర్పూరం కడుపులోకి ఎక్కువగా పోతే, ముఖ్యంగా చిన్నపిల్లలకు, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపం కథ ఇక్కడివారందరికీ తెలుసు. అనంతాళ్వార్ అనే భక్తుడు విసిరిన ఆ గునపం బాలుడి రూపంలో వచ్చిన స్వామి గడ్డానికి తగిలిందనీ, గాయానికి పచ్చకర్పూరం అద్దారనీ చెబుతారు. భక్తి సంగతి అలా ఉంచినా ఎంపిక తెలివైనదే. చర్మంలో చల్లదనాన్నీ వెచ్చదనాన్నీ పసిగట్టే నాడులను కర్పూరం కదిలిస్తుంది, నొప్పి కాసేపు పక్కకు తప్పుకుంటుంది.

శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారికి పునుగు తైలం పూస్తారు. పునుగు పిల్లి తోక కింద ఉండే గ్రంథి నుంచి వచ్చే ఆ జిడ్డు పదార్థాన్ని నేరుగా వాసన చూస్తే ముఖం తిప్పుకోవలసిందే. నూనెలో బాగా పలచన చేస్తే అదే మత్తైన పరిమళం. అందులోని సివెటోన్ అణువు ఒక పెద్ద ఉంగరం. ఉంగరం చుట్టూ పదిహేడు కార్బన్ పరమాణువులు. లియోపోల్డ్ రుజిచ్కా 1926లో ఈ సంగతి బయటపెట్టేదాకా ఎనిమిది కార్బన్లు దాటిన ఉంగరాలు నిలవవని రసాయనశాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మేవారు. కస్తూరిలోని మస్కోన్ కూడా అలాంటిదే, పదిహేను కార్బన్ల ఉంగరం. రుజిచ్కాకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది. మనవాళ్ళు పునుగు, జవ్వాది, కస్తూరి అని ఒకే ఊపిరిలో అనే మాటల వెనక ఇంత పెద్ద ఉంగరాల కథ ఉంది. సివెటోన్ అణుభారం 250, ముక్కుకు అందే పరిధికి దాదాపు చివర. అందుకే అది నిదానంగా ఆవిరవుతుంది, తన పక్కనున్న తేలికపాటి పరిమళాలను కూడా తొందరపడనివ్వదు. అత్తరు చేసేవారు దాన్ని అంత విలువగా చూసుకున్నది ఈ గుణం కోసమే.

పూల దగ్గరికి వస్తే ముందు కనకాంబరం గుర్తుకు వస్తుంది. మన పూలలో అది ఎర్రచందనం లాంటిది. రంగు ఉంది, తావి లేదు. మూరల లెక్కన పూలు అమ్మే ఆమె కనకాంబరాల మధ్య మరువమో దవనమో చేర్చి కడుతుంది. రంగు ఒకరిది, వాసన ఇంకొకరిది. దవనం అచ్చంగా మన దక్షిణాది ఆకు. దాని నూనెలోని ముఖ్య పదార్థానికి దవనోన్ అని పేరు పెట్టారు, మన మాట నేరుగా రసాయనశాస్త్రంలోకి వెళ్ళిన అరుదైన సందర్భం. మల్లె తీరు మరోలా ఉంటుంది. కోసిన తరువాత కూడా మొగ్గ బతికే ఉండి, సాయంత్రం విచ్చుకుంటూ కొత్తగా పరిమళాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. చీకట్లో తిరిగే రెక్కపురుగులను పిలవడానికి తెల్లరంగూ ఘాటైన తావీ కావాలి కదా. ఆ తావిలో బెంజైల్ అసిటేట్, లినలూల్ వంటివాటితో పాటు కాస్త ఇండోల్ ఉంటుంది. ఇండోల్ మలంలో కూడా ఉంటుంది. అది పూర్తిగా తీసేస్తే మిగిలేది చవక సబ్బు వాసన. మల్లెకు మల్లెతనం కొంత దాని వల్లే.

మన ముక్కులో వాసనలను గుర్తించే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ గుర్తించారు, 2004లో నోబెల్ అందుకున్నారు. ఒక్కో అణువు కొన్ని గ్రాహకాలను తడుతుంది. అదే అణువు మోతాదు మారితే తట్టే గ్రాహకాలు మారతాయి. పునుగు పలచనైతే పరిమళం కావడానికి ఇదే కారణం.

తిరుమలలో స్వామికి అలంకరించిన పూలను పూర్వం పూలబావిలో వేసేవారు. 2021 నుంచి వాడిన పూలను ఎండబెట్టి, పొడి చేసి, ఏడు కొండలకు గుర్తుగా ఏడు రకాల అగరుబత్తులు చేయిస్తున్నారు. మంచి ఆలోచన. అయితే అగరుబత్తి వెలిగిస్తే ఆ పూల వాసన వస్తుందని ఆశపడకూడదు. తావి పూలు వాడేటప్పుడే వెళ్ళిపోయింది. పొడిలో మిగిలింది ఎగరలేని పెద్ద అణువులు, ముఖ్యంగా పీచు. అది నిప్పును నిదానంగా మోస్తుంది. పరిమళం పైనుంచి కలపవలసిందే.

మా బావ చివరికి ఆ బొమ్మ కొనలేదు. ఇంటికి వచ్చాక మా అమ్మ దసరా కొలువు పెట్టె దించి, పాత గుడ్డలో చుట్టిన మా తాతల నాటి ఎర్రచందనం రాజారాణీలను తీసి చూపించింది. ఆయన రాణిని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారిగా వెలిగిపోయాడు. "ఇదీ అసలు చందనం! ఎంత బాగా వాసన వస్తోందో చూడు అత్తా" అన్నాడు. పురుగు పట్టకుండా పోయిన ఏడు పెట్టెలో వేసిన కర్పూరం బిళ్ళల కోసం మా అమ్మ గుడ్డ దులిపి చూసింది. చిన్న కాగితం పొట్లం మాత్రం ఉంది, ఖాళీగా.