సంపన్న గృహిణిపై వరుస హత్యల అనుమానం: విష పరీక్షల గది నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విష పరీక్షలు చేసే ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేసినందువల్ల, పెళ్లిళ్లలో కలిసిన బంధువులు కూడా నన్ను పలకరించగానే ‘ఫలానా కేసులో ఆవిడే చంపిందంటారా?’ అని అడుగుతుంటారు. పరపతి గల కుటుంబంలో కొన్నేళ్ల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు కన్నుమూసి, ఆస్తి ఒక్క మహిళ చేతికి వచ్చిందంటే, దర్యాప్తు మొదలుకాకముందే ఊరి తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పుల వెనక ఉండే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: శరీరంలో విషం బయటపడితే కేసు తేలినట్టే.

వాస్తవం: ఈ నమ్మకానికి జవాబు ఫ్రాన్స్‌లోని లూదన్ పట్టణానికి చెందిన మరీ బెనార్ కేసులో ఉంది. ఊళ్లో ఆమెకు మంచావిడ అని పేరు; భార్యాభర్తలకు బంధువుల నుంచి వరుసగా వారసత్వాలు కలిసి వచ్చాయి. 1947లో భర్త మరణించాక పుకార్లు ముదిరి, సమాధులు తవ్వించారు. 1949లో ఆమెను అరెస్టు చేశారు. పది మందికి పైగా బంధుమిత్రులను ఆర్సెనిక్ అనే విషంతో చంపిందని అభియోగం. మార్సే నగరానికి చెందిన నిపుణుడు జార్జ్ బెరూ అవశేషాల్లో ఆర్సెనిక్ ఉందని నివేదిక ఇచ్చారు. 1952లో విచారణ మొదలైనప్పుడు, పరీక్ష గొట్టంలోని మరకను కంటితో చూసి ఆర్సెనిక్‌ను గుర్తుపట్టగలనన్న ఆయనకు, డిఫెన్స్ న్యాయవాది అల్బేర్ గోత్రా కొన్ని గొట్టాలు అందించారు. ఆర్సెనిక్ ఉందని ఆయన ఎంచిన గొట్టాల్లో అది లేదు. నివేదిక విలువ ఆ క్షణంలోనే పడిపోయింది.

అంతకన్నా లోతైన ప్రశ్న శ్మశానం మట్టి గురించి వచ్చింది. మట్టిలో సహజంగానే ఆర్సెనిక్ ఉంటుంది. సూక్ష్మజీవుల చర్యవల్ల అది నీటిలో కరిగి మృతదేహంలోకి, ముఖ్యంగా వెంట్రుకల్లోకి చేరవచ్చునని డిఫెన్స్ వాదించింది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, దాన్ని ముక్కలుగా పరీక్షించి విషం ఎప్పుడెప్పుడు ఇచ్చారో చెప్పవచ్చునన్నది నిజమే అయినా, బయటి నుంచి అంటుకున్న ఆర్సెనిక్‌ను కడిగి పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. 1954లో రెండో విచారణ, 1961లో మూడోది జరిగి, ఆ ఏడాది డిసెంబరులో ఆమె నిర్దోషిగా విడుదలయ్యారు. అందుకే సమాధి తవ్వేటప్పుడు శవపేటిక పైన, కింద, పక్కల మట్టిని, కొంత దూరం నుంచి మరో మట్టి నమూనాను వేరువేరుగా సేకరించాలంటాం. నా ఉద్యోగకాలంలో మట్టి నమూనా లేకుండా వచ్చిన విసెరా (మృతదేహం నుంచి తీసిన అవయవ భాగాల) సీసాలను చూసి విసుక్కున్న సందర్భాలు తక్కువేమీ కావు.

అపోహ: విషం దొరక్కపోతే నిందితురాలు నిర్దోషిగా తేలినట్టే.

వాస్తవం: పుణెకు చెందిన ఒక ధనిక వితంతువు 1956లో, తన వైద్యుడు అనంత్ చింతామణ్ లాగూతో రైల్లో బొంబాయి చేరాక ఆస్పత్రిలో మరణించారు. ఆ వైద్యుడు ఆస్పత్రిలో ఆమెకు వేరే పేరు రాయించాడు, తర్వాత ఆమె ఆస్తిని కాజేశాడు. శవపరీక్షలో ఏ విషమూ కనబడలేదు. అయినా సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, పరిస్థితిజన్య సాక్ష్యం ఆధారంగా శిక్షను ఖరారు చేసింది. విషప్రయోగ కేసుల్లో హత్యకు కారణం, విషంవల్లనే మరణం, నిందితుల వద్ద విషం ఉండటం, ఇచ్చే అవకాశం అనే నాలుగింటిని చూడాలని 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో అదే కోర్టు చెప్పింది. వీటిలో మా ప్రయోగశాల నేరుగా తేల్చేది రెండోదాన్ని మాత్రమే.

కేరళలోని కూడత్తాయి కేసు ఇంకా కోర్టు విచారణలో ఉన్నందున నేరం ఎవరిదో నేను చెప్పబోవడం లేదు. 2002 నుంచి 2016 మధ్య ఒకే కుటుంబంతో సంబంధమున్న ఆరుగురు మరణించగా, 2011లో పోస్టుమార్టం జరిగిన ఒక్క మరణంలో సయనైడ్ బయటపడింది. దాన్ని అప్పట్లో ఆత్మహత్యగా భావించారు. 2019లో వెలికితీసిన నాలుగు దేహాల అవశేషాల్లో సయనైడ్ కనబడలేదని తర్వాత నివేదిక వచ్చింది. అన్నేళ్ల తర్వాత అలా రావడం మాకు ఆశ్చర్యం కలిగించదు, ఎందుకంటే సయనైడ్ కుళ్లే దేహంలో నిలవదు. కొన్నిసార్లు కుళ్లడంవల్లనే కొద్దిగా పుడుతుంది కూడా. ఆ నివేదికను ఇరుపక్షాలూ జాగ్రత్తగానే చదవాలి.

అపోహ: సయనైడ్ తాగితే బాదం వాసన వస్తుంది, డాక్టర్లు ఇట్టే పట్టేస్తారు.

వాస్తవం: ఆ వాసనను పసిగట్టే శక్తి పుట్టుకతోనే లేనివారు చాలామంది ఉంటారు.

అపోహ: ఏళ్లు గడిస్తే సమాధి తవ్వడానికి చట్టం ఒప్పుకోదు.

వాస్తవం: హత్యకు కాలపరిమితి లేదు. ఖననం చేసిన దేహాన్ని మేజిస్ట్రేటు వెలికితీయించవచ్చు. తెలుగునాట చాలా కుటుంబాలు దహనం చేస్తాయి కనుక, అసలు చిక్కు అక్కడే వస్తుంది. అప్పుడు మిగిలేవి ఆస్పత్రి కేసు షీటు, రక్తపరీక్షల రిపోర్టులు, బీమా పాలసీ, వీలునామా, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని తేదీలు. దర్యాప్తు అధికారి వీటిని విసెరా సీసా కన్నా ముందే స్వాధీనం చేసుకోవాలని నా అభిప్రాయం.

అపోహ: ఇన్ని మరణాలు ఒకే ఇంట్లో జరిగితే అదే రుజువు.

వాస్తవం: కూడత్తాయిలో ఆరు మరణాలకూ ఆరు కేసులు నమోదయ్యాయి. మిగతా మరణాల పోలిక ఉద్దేశాన్ని చూపడానికి కొంత ఉపకరించవచ్చు గాని, ఒక్కో మరణానికీ కారణాన్ని, అవకాశాన్ని విడివిడిగానే నిరూపించాలి; రెండో మరణం నాటి ఆస్పత్రి కాగితం పోతే, అయిదో మరణం కాగితం ఆ లోటు తీర్చదు.