పరారీలో పోలీసు: కోటబొమ్మాళి దాకా వచ్చిన కథ

2023 నవంబరులో ‘కోటబొమ్మాళి పీఎస్’ వచ్చినప్పుడు, అందులోని పాట పెళ్లి ఊరేగింపుల్లో మోగినంతగా కథ గురించి మాట్లాడుకోలేదు. తేజ మార్ని తీసిన ఈ సినిమాలో పరుగెత్తేది దొంగలు కాదు, ముగ్గురు కింది స్థాయి పోలీసులు. ఒక ప్రమాదంలో మనిషి చనిపోతాడు. ఎన్నికల వేళ ఆ చావు ఓట్ల లెక్కగా మారుతుంది. నిన్నటిదాకా పక్కన నిలబడి డ్యూటీ చేసినవాళ్లే వీళ్లను వేటాడతారు. కొత్తమ్మతల్లి జాతరతో శ్రీకాకుళం జిల్లావాళ్లందరికీ తెలిసిన ఊరి పేరు అలా ఒక పరారీ కథకు పేరైంది.

మూలం మలయాళంలో 2021లో వచ్చిన ‘నాయాట్టు’. దర్శకుడు మార్టిన్ ప్రక్కాట్. కథ రాసిన షాహీ కబీర్ కేరళ పోలీసు శాఖలో పనిచేసిన మనిషి. పైఅధికారి ఫోన్ చేసినప్పుడు గొంతులో వచ్చే తడబాటు, స్టేషన్‌లో ఎవరి మాట చెల్లుతుందో ముందే తెలిసిపోవడం లాంటివి బయట నిలబడి చూసేవాడి కలానికి అంత తేలిగ్గా అందవు.

యూనిఫాం వేసుకున్నవాడే పారిపోయే ఈ రకం కథలు యూరప్‌లో యుద్ధాల నీడలో పెరిగాయి. 1938లో మార్సెల్ కార్నే తీసిన ఫ్రెంచి సినిమాలో జాన్ గాబాన్ సైన్యం వదిలి రేవుపట్నం చేరిన సిపాయి. చచ్చిపోయిన చిత్రకారుడి బట్టలూ పాస్‌పోర్టూ దొరుకుతాయి. ఓడ కూడా ఎక్కుతాడు. ప్రేమించిన అమ్మాయి కోసం దిగి ప్రాణం పోగొట్టుకుంటాడు. 1964లో జోసెఫ్ లోసీ తీసిన బ్రిటిష్ సినిమాలోనైతే అసలు వేటే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మూడేళ్లు కందకాల్లో గడిపిన సిపాయి ఒకరోజు ఫిరంగుల మోత భరించలేక ఇంటి దారి పట్టి నడుస్తాడు. మిగతాదంతా కోర్టు మార్షల్. ఇది కల్పనే అయినా, ఆ యుద్ధంలో పారిపోయారనీ పిరికితనం చూపారనీ బ్రిటన్ తన సిపాయిలను నిజంగానే కాల్చి చంపింది. అలాంటి 306 మందికి 2006లో, తొంభై ఏళ్లు గడిచాక, క్షమాభిక్ష ఇచ్చింది.

పారిపోయినవాడు ఎప్పుడూ జాలిపడదగినవాడే అనుకోనక్కర్లేదు. 1945 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యానికి దూరమైన విల్లీ హెరోల్డ్ అనే కుర్రాడికి ఒక కెప్టెన్ యూనిఫాం దొరికింది. అది తొడుక్కుని తనలాగే పారిపోయి పట్టుబడ్డ ఖైదీలను చంపించాడు. 1946లో అతనికి మరణశిక్ష అమలైంది. అతని మీద 2017లో వచ్చిన జర్మన్ సినిమా చూస్తే, మనిషి కంటే యూనిఫాం మీదే ఎక్కువ భయం వేస్తుంది.

దక్షిణ కొరియాలో మగపిల్లలకు సైన్యం తప్పనిసరి. అందుకే 2021లో వచ్చిన ‘డీపీ’ సిరీస్‌లో పారిపోయినవాడూ, వాణ్ణి వెతికేవాడూ ఇద్దరూ ఇష్టం లేకుండా వచ్చిన కుర్రాళ్లే. బ్యారక్స్‌లో సీనియర్లు పెట్టే హింసను అది దాచకుండా చూపించింది.

మన దగ్గర ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లరు. అయినా చట్టం గట్టిదే. 1950 నాటి ఆర్మీ చట్టం 38వ సెక్షన్ ప్రకారం యుద్ధ విధుల్లో ఉండగా పారిపోతే మరణశిక్ష దాకా, మిగతా వేళల్లో ఏడేళ్ల జైలు దాకా పడవచ్చు. అనుమతి లేకుండా 30 రోజులు కనబడకపోతే విచారణ కోర్టు కూర్చుంటుంది. పట్టుకోవడానికి సాయం చేయమని సివిల్ అధికారులకు కాగితం వెళుతుంది. అలాంటివాణ్ణి పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. అంటే సరిహద్దులో మొదలైన కథ ఊళ్లో సొంత ఇంటి గుమ్మం ముందుకే వచ్చి నిలబడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ కథలకు బరువు వచ్చేది ఆ గుమ్మం దగ్గరే. ఇక్కడ తెల్లారకముందే రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లు కనబడతారు. మిలట్రీ సెలక్షన్స్‌కో, కానిస్టేబుల్ ఫిజికల్స్‌కో వాళ్ల తయారీ. కోరుకొండలో 1962 నుంచీ సైనిక్ స్కూల్ ఉంది. విజయనగరంలో పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది. నేల తక్కువ, వలస ఎక్కువ అయినచోట నెలనెలా జీతం తెచ్చే యూనిఫాం మీద అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్లి కుదురుతుంది. అలాంటి ఉద్యోగం వదిలి పారిపోయినవాడికి జైలు కంటే ముందు ఇంట్లోవాళ్ల ముఖాలు గుర్తొస్తాయి. ఛేజింగుల కోసం ఈ టెన్షన్‌ను పక్కన పెట్టేసే సినిమాలంటే నాకు బాధ. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంతో నాలుగేళ్ల తర్వాత సైన్యంలో నూటికి పాతికమంది దాకానే కొనసాగుతారు. ఆ ఇళ్లలో లెక్కలు ఇంకా బిగుసుకున్నాయి.

ఇంకో జ్ఞాపకం కూడా ఈ నేలకుంది. 1967 తర్వాత ఇక్కడి కొండల్లో గిరిజనుల పోరాటం సాగినప్పుడు బడిపంతులు వెంపటాపు సత్యనారాయణ అజ్ఞాతంలోకి వెళ్లారు. 1970 జులైలో ఆదిభట్ల కైలాసంతో పాటు చనిపోయారు. అప్పుడు తరిమింది పోలీసులు. యాభై ఏళ్ల తర్వాత అదే జిల్లాలోని ఊరి పేరుతో తెర మీద తరిమించుకున్నదీ పోలీసులే. పరిగెత్తేవాడి పక్షాన నిలబడటం ఇక్కడి ప్రేక్షకుడికి కొత్త కాదని నా నమ్మకం.

కోటబొమ్మాళి పోలీసుల కథ కేరళ నుంచి తెచ్చుకున్నాం, తప్పులేదు. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి రైలెక్కలేకపోయిన జవాను కథను మాత్రం అరువు తెచ్చుకోనక్కర్లేదు. ముప్పై రోజుల గడువు, ఊరికొచ్చే కాగితం, ఏమీ తెలియనట్టు నటించాల్సిన తల్లిదండ్రులు: స్క్రీన్‌ప్లే సగం అందులోనే ఉంది. దాన్ని ఆ రోడ్ల మీద పరుగెత్తిన కుర్రాళ్లలో ఎవరో ఒకరు రాయాలి. ‘నాయాట్టు’కు ఆ బలం వచ్చింది రాసినవాడు యూనిఫాం వేసుకున్నవాడు కాబట్టే.