పొద్దున పండు, సాయంత్రం పాకం

పిల్లలూ,

"తాతయ్యా, అక్క సెంటు పొద్దున నారింజపండులా ఉంది, సాయంత్రానికి పీచుమిఠాయి వాసనొస్తోంది. ఎవరు మార్చారు?" అని అడిగారు. ఎవరూ మార్చలేదర్రా. ఆ వాసనలన్నీ సీసాలో మొదటినుంచీ కలిసే ఉన్నాయి.

బడిలో ఆఖరి గంట కొట్టినప్పుడు చూడండి. గంట మోగీ మోగకముందే సంచీ తగిలించుకుని గేటు దాటేసేవాళ్లు కొందరుంటారు. నారింజ, నిమ్మ వాసనలు ఆ బాపతు. తేలిక అణువులు కదా, ఒంటి వేడి తగలగానే పరుగే. కాసేపటికే మాయం. వెనకాల గుంపులుగా కబుర్లాడుకుంటూ వచ్చేవి పీచ్ పండు, పూల వాసనలు. అందరూ పోయినా బెంచీ కింద పెన్సిల్ వెతుక్కుంటూ ఒకడు మిగులుతాడే, వాడు వెనిలా. మా తరగతిలో ఆ ఒకణ్ణి నేనే. పెన్సిల్ దొరికినా వెతికేవాణ్ణి, ఖాళీ గదిలో నల్లబల్ల మీద బొమ్మలు గీయొచ్చని. మేష్టారు గుమ్మంలో నిలబడి తాళంచెవులు గలగలలాడించేవారు. సరే, సెంటు సంగతికొద్దాం.

వెనిలా వాసనకు ముఖ్యమైన మూలం వెనిలిన్ అనే పదార్థం. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే ఇద్దరు దాన్ని పైన్ చెట్టు రసంలోని పదార్థం నుంచి తయారుచేశారు. మీకు సాయంత్రం తగిలిన పీచుమిఠాయి వాసనేమో, అదీ ఆలస్యంగా పోయేదే, ఇథైల్ మాల్టాల్ అనే రసాయనానిది. 1992లో వచ్చిన ఏంజెల్ అనే సెంటులో దాన్ని ధారాళంగా పోశారు. తినాలనిపించే ఇలాంటి సెంట్లను గూర్మాండ్ అంటారు, వాటికి ఊపు వచ్చింది అప్పుడే. తీపి వెగటు పుట్టకుండా అందులో పచౌలీ ఆకు నూనె, ఆ మట్టివాసన కూడా కలిపారు. నన్నడిగితే అసలు తెలివంతా అక్కడే ఉంది.

అందుకే మూత తీసి ఒక్కసారి వాసన చూసి బాగుందనో బాగాలేదనో అనేయకండి. గేటు దగ్గర మొదట కనబడ్డవాణ్ణి చూసి బడి మొత్తానికి మార్కులేస్తామా?

పొడిబారిన చర్మం మీద సెంటు త్వరగా పోతుంది, జిడ్డు చర్మం పట్టి ఉంచుతుంది. పూసుకున్న అక్కకు కాసేపటికి ఆ వాసనే తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. గదిలోకి అప్పుడే వచ్చిన మీకు మాత్రం గుప్పుమంటుంది! కంటికి కనబడని అణువులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ముక్కు వాటిని గుర్తుపడుతుందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అక్కనడిగి మణికట్టు మీద ఒక చుక్క, తెల్లకాగితం మీద ఒక చుక్క వేయించుకోండి. రుద్దకండి. నాలుకకు తగలనివ్వకండి, అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే. కాసేపటికోసారి రెండూ వాసన చూసి, నారింజ ముందు ఎక్కడ పోయిందో, చేతి మీదో కాగితం మీదో, నాకు రాయండి.

మీ తాతయ్య