సౌర విమానం: అసలు పరీక్ష రాత్రిపూటే

సౌర విమానం అనగానే ఎవరైనా అడిగేది ఒకటే: "చీకటి పడితే ఎలా?" ఈ రంగంలో లెక్కలన్నీ ఆ చీకటి చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: రాత్రి భారమంతా బ్యాటరీలదే.

వాస్తవం: ఎత్తు కూడా ఒక బ్యాటరీయే. సూర్యశక్తితోనే భూమిని చుట్టొచ్చిన సోలార్ ఇంపల్స్ 2 విమానం బరువు 2,300 కిలోలు. అందులో 633 కిలోలు బ్యాటరీలే, వాటిలో పట్టేది సుమారు 165 కిలోవాట్ గంటలు. పగలు 8,500 మీటర్లకు ఎక్కి, పొద్దుగూకాక 1,500 మీటర్ల దాకా మెల్లగా జారుతూ దిగితే ఆ ఎత్తు నుంచే దాదాపు 44 కిలోవాట్ గంటల శక్తి దక్కుతుంది. అంత శక్తిని బ్యాటరీల్లో పెట్టాలంటే ఇంకో 170 కిలోలు మోయాలి. పైగా దీనికి మోటారు, ప్రొపెల్లర్ నష్టాలు లేవు. దిగాకే బ్యాటరీ వంతు. గండం అర్ధరాత్రి కాదు, తెల్లారాక మొదటి గంటల్లో. సూర్యుడు కనిపిస్తాడు గానీ కిరణాలు రెక్క మీద ఏటవాలుగా పడతాయి, మోటార్లకు సరిపడా కరెంటు రాదు. సూర్యోదయం దాకా చార్జి ఉంటే చాలని లెక్క వేస్తే అక్కడే దెబ్బతింటాం.

అపోహ: ఎండ ఎంత మండితే అంత కరెంటు.

వాస్తవం: రెక్క మీది సౌర సెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. సిలికాన్ సెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కితే ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. పైనున్న చలి దానికి మేలే. బ్యాటరీకి మాత్రం చలి పడదు, అందుకే చుట్టూ ఇన్సులేషన్. అదీ మితిమీరితే ముప్పే. 2015 జూన్‌లో సోలార్ ఇంపల్స్ 2 జపాన్‌లోని నగోయా నుంచి హవాయికి బయల్దేరిన తొలిరోజే, వేగంగా పైకెక్కడంతో బ్యాటరీలు వేడెక్కాయి, ఇన్సులేషన్ ఆ వేడిని బయటికి పోనివ్వలేదు. 117 గంటల 52 నిమిషాల ఆ ప్రయాణం క్షేమంగానే ముగిసింది. హవాయి నుంచి ముందుకు సాగింది మాత్రం 2016 ఏప్రిల్‌లోనే.

ఈ విమానం ఆగకుండా భూమిని చుట్టిందన్నదీ నిజం కాదు. అబుదాబి నుంచి అబుదాబికి 17 అంచెలు. అహ్మదాబాద్, వారణాసి వాటిలోవే.

అపోహ: రెక్క పొడవు పెంచి, సెల్స్ ఎక్కువ అతికిస్తే సరి.

వాస్తవం: పొడవైన తేలిక రెక్క వంగుతుంది. 2001లో 29 కిలోమీటర్లు దాటి ఎగిరిన నాసా సౌర విమానం హీలియోస్, 2003 జూన్ 26న హవాయిలోని కవాయ్ దీవి దగ్గర గాలి కుదుపులో చిక్కింది. రెక్క కొసలు పైకి వంగి అలాగే ఉండిపోయాయి. ముందంచు పైకీ కిందికీ ఊగుతూ వేగం హద్దు దాటింది, పైపొర సెల్స్‌తో సహా ఊడిపోయింది. ఇంత వంపు లేకపోయినా సన్నని సెల్ పగలవచ్చు. వరుసలో ఒక్కటి పగిలినా మిగతా సెల్స్ కరెంటు అక్కడే ఇరుక్కుంటుంది; కరెంటుకు పక్కదారి చూపే బైపాస్ డయోడ్ పెట్టేది అందుకే. ఎగిరే ముందు ఒక్కో వరుసనూ విడిగా కొలవాలి. మొత్తం కరెంటు ఒక్కటే చూస్తే ఒక వరుస లోపం అందులో కలిసిపోతుంది.