‘మొదటి నుంచీ ఇలాగే చేస్తున్నాం’: నర్సింగ్ పరిశోధనపై అపోహలు, వాస్తవాలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వార్డులో పక్షవాతంతో మంచాన పడిన ఒక పెద్దాయన ఉండేవారు. రోజూ పొద్దున్నే ఆయనను పక్కకు తిప్పి, నడుము కింద కందిన చోట స్పిరిట్ పోసి గట్టిగా రుద్ది, పౌడరు చల్లడం నా పని. మడమల కింద నీళ్లు నింపి ముడి వేసిన గ్లౌజులు పెట్టేదాన్ని. ఎంతో శ్రద్ధగా చేశాను. పది రోజులు తిరగకుండానే ఆ కందిన చోట చర్మం లేచిపోయి పుండు పడింది. ఎందుకిలా అయిందని అడిగితే, ‘మొదటి నుంచీ ఇలాగే చేస్తున్నాం. నువ్వు ఇంకా గట్టిగా రుద్దాల్సింది’ అన్నారు సీనియర్ సిస్టర్. నమ్మాను. ఆ తరువాత కూడా చాలా కాలం రుద్దుతూనే ఉన్నాను.

అపోహ: రుద్దితే రక్తం ఆడుతుంది, పుండు పడదు.

వాస్తవం: కందిన చోట సన్నని రక్తనాళాలు అప్పటికే నలిగి ఉంటాయి. రుద్దితే ఇంకా దెబ్బతింటాయి. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. నీళ్ల గ్లౌజు మడమ మీద ఒత్తిడిని తీసేయదు. దానికి బదులు పిక్కల కింద దిండు పెట్టి, మడమ పరుపుకు తగలకుండా గాలిలో ఉండేలా చూడాలి. పుండును ఆపేది ఒత్తిడి తీసేయడమే, అంటే మనిషిని వేళకు తిప్పడమే. వేలితో నొక్కినప్పుడు ఎరుపు పోకపోతే అది పుండుకు తొలి మెట్టు. అయితే చామనచాయ, నలుపు చర్మాల మీద ఎరుపు సరిగా కనిపించదు. చుట్టుపక్కల చర్మంతో పోల్చి, అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా, నొప్పి ఉందా అని చేత్తో తాకి తెలుసుకోవాలి.

ఇవన్నీ నిన్న మొన్న తెలిసిన సంగతులు కావు. బ్రిటిష్ నర్సు డోరీన్ నార్టన్ ఇద్దరు సహచరులతో కలిసి వృద్ధ రోగులపై చేసిన అధ్యయనం 1962లోనే వెలువడింది. శారీరక స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు అనే అయిదు అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు వేసి, మొత్తం 14 లేదా అంతకంటే తక్కువ వస్తే ప్రమాదం ఉందని గుర్తించే పద్ధతి అందులోంచే వచ్చింది. పరీక్షలో ఆ స్కేలు గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాను. మరునాడు వార్డుకు వెళ్లి స్పిరిట్ సీసా అందుకున్నాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దాయన గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అపోహ: పరిశోధన అంటే థీసిస్.

వాస్తవం: మన నర్సింగ్ కళాశాలల ప్రాజెక్టుల శీర్షికలు ఒకసారి చూడండి. ఎక్కువ భాగం ‘ఫలానా జబ్బుపై ఫలానా వారి అవగాహనలో బోధనా కార్యక్రమం ప్రభావం’ అన్న తీరులోనే ఉంటాయి. ముందు కొన్ని ప్రశ్నలు, చార్టులతో ఒక పాఠం, వారం తరువాత మళ్లీ అవే ప్రశ్నలు. మార్కులు పెరుగుతాయి, పుస్తకం బైండింగై లైబ్రరీకి చేరుతుంది. పాఠం విన్న తల్లి ఇంటికి వెళ్లాక నిజంగా చేతులు కడుక్కుంటోందా, ఇన్సులిన్ సూది సరైన చోట వేసుకుంటున్నారా అన్నది చూసేవారు ఉండరు. విద్యార్థులను తప్పుపట్టడం లేదు, వారికి మేం చూపించిన దారి అది. కొత్త విషయం కనుక్కోవడం పరిశోధన. ఇప్పటికే తేలిన విషయాన్ని రోగి మంచం దగ్గరికి తీసుకురావడం ఆధారాల మీద నడిచే నర్సింగ్ (ఎవిడెన్స్ బేస్డ్ నర్సింగ్). రెండోది చేయడానికి ఏ పట్టా అక్కర్లేదు.

అపోహ: పెద్ద పరిశోధనలు డాక్టర్లవి, మనం వాళ్లు చెప్పింది చేసేవాళ్లం.

వాస్తవం: మూడు రోజులు కాగానే క్యాన్యులా (మందులు, సెలైన్ ఎక్కించడానికి సిరలో ఉంచే సన్నని గొట్టం) తీసి కొత్తది వేయాలని మనందరికీ నేర్పారు. నిజంగా మార్చాలా? ఆస్ట్రేలియా నర్సు పరిశోధకురాలు క్లెయిర్ రికార్డ్ బృందం క్వీన్స్‌లాండ్‌లోని ఆసుపత్రుల్లో 3,283 మంది రోగులను రెండు వర్గాలు చేసి చూసింది. ఒక వర్గానికి గడువు ప్రకారం మార్చారు, రెండో వర్గానికి వాపు, నొప్పి లాంటి కారణం కనిపిస్తేనే మార్చారు. సిరవాపు రెండు వర్గాల్లోనూ 7 శాతమే. 2012లో ఇది ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. కీమోథెరపీతో సిరలు మూసుకుపోయిన మనిషికి నాలుగోసారి సూది గుచ్చినవారికి ఈ అంకె విలువ తెలుస్తుంది. దీని అర్థం క్యాన్యులాను పట్టించుకోకుండా వదిలేయమని కాదు. ప్రతి డ్యూటీలో ఆ చోటు చూడాలి, అవసరం తీరగానే తీసేయాలి. మీ ఆసుపత్రి నియమం వేరుగా ఉంటే ఎవరికి వారు మార్చుకోకుండా, ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ ముందు పెట్టండి.

అపోహ: ఆధారం ఉంటే చాలు, రోగి ఇష్టంతో పని లేదు.

వాస్తవం: ఆధారాల మీద నడిచే వైద్యానికి డేవిడ్ సాకెట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1996లో ఇచ్చిన నిర్వచనంలోనే పరిశోధన ఆధారం పక్కన వైద్యుని అనుభవం, రోగి ఇష్టాయిష్టాలు ఉన్నాయి. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ సంగతే తీసుకోండి. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో, చాలా తక్కువ బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులతో జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెడితే, 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. మందు కాదు, యంత్రం కాదు, తల్లి ఒంటి వెచ్చదనం! కానీ తెర లేని వార్డులో, మగవాళ్లు వచ్చిపోతుంటే, ఏ బాలింత రవిక విప్పి కూర్చుంటుంది? ‘చెప్పినా వినదు’ అని కేసు షీటులో రాసేముందు తెర కట్టించండి. తల్లి అలసిపోతే అమ్మమ్మో నాయనమ్మో బిడ్డను గుండెకు హత్తుకోవచ్చని చెప్పండి.

చివరగా, రేపటి డ్యూటీలోనే పనికొచ్చే సంగతి ఒకటి.

అపోహ: రైల్స్ ట్యూబులోకి (ముక్కు నుంచి పొట్టలోకి వేసే ఆహార గొట్టం) సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెడితే వచ్చే శబ్దం చాలు.

వాస్తవం: చాలదు. ట్యూబు ఊపిరితిత్తుల్లోకి దిగినా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. లోపలి నుంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్ల గుణాన్ని చూపే అంకె, పొట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి ఇది తక్కువగా ఉంటుంది) 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ద్రవం రాకపోయినా, ఆమ్లం తగ్గించే మందుల వల్ల పీహెచ్ ఎక్కువగా చూపినా, ఎక్స్‌రే తీసి చూసేదాకా పాలు పోయకూడదు. మీ వార్డులో పీహెచ్ కాగితాలు లేకపోతే ఈ రోజే ఇండెంట్ పుస్తకంలో (వార్డుకు కావలసిన సామాను అడిగే పుస్తకం) రాయండి.