ఇంగ్లీషు సింపుల్ పాస్ట్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషు కాలాలన్నింటిలో జరిగిపోయిన పనిని చెప్పే సింపుల్ పాస్ట్ తేలికైనదనీ, వీ2 ("గో"కు "వెంట్" లాంటి క్రియ రెండో రూపం) పెడితే సరిపోతుందనీ బడిలో చెబుతారు. ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నవారికి ఇంగ్లీషు బోధించే నాకు మాత్రం ఎక్కువ తప్పులు కనిపించేది ఈ కాలంలోనే. వాటిలో చాలావరకు అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు, ఎక్కడో విని మనసులో స్థిరపడిపోయిన సూత్రాల వల్ల వచ్చినవి.

అపోహ: పని పూర్తయితే "హావ్" చేర్చి చెప్పడమే సరైన ఇంగ్లీషు.

ఇంటర్వ్యూలో తమను తాము పరిచయం చేసుకునేటప్పుడు మనవాళ్లు తరచుగా చెప్పే వాక్యం "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019". ఇందులో 2019 అనే మాట లేకపోతే తప్పే లేదు. గడిచిపోయిన సంవత్సరాన్ని పేర్కొన్న తరువాత మాత్రం "ఐ కంప్లీటెడ్" అనే అనాలి. తెలుగులో "చూశాను" అనే ఒక్క రూపమే "నిన్న చూశాను" అన్నప్పుడూ, ఎప్పుడన్న ప్రసక్తి లేకుండా "ఆ సినిమా నేను చూశాను" అన్నప్పుడూ సరిపోతుంది కాబట్టి ఈ తేడాను గమనించే అవసరం మనకు చిన్నప్పటి నుంచీ రాలేదు. ఇంగ్లీషు ఈ రెంటినీ వేరు చేస్తుంది. యెస్టర్డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో వంటి ముగిసిపోయిన సమయాన్ని చెప్పే మాట వాక్యంలో ఉన్నా, అది చెప్పకపోయినా ఇద్దరికీ తెలిసినదైనా సింపుల్ పాస్ట్ వాడాలి. అందుకే "ఎప్పుడు వచ్చారు?" అన్న ప్రశ్నకు "వెన్ హావ్ యు కమ్?" అన్నది కుదరదు, "వెన్ డిడ్ యు కమ్?" అనే అడగాలి.

అమెరికాలో పెరిగిన పిల్లలు "ఐ ఆల్రెడీ ఏట్" అంటే ఇక్కడి పెద్దలు తప్పు పడుతుంటారు. అది అమెరికన్ ఇంగ్లీషులో మామూలు ప్రయోగమే. అదే సందర్భంలో బ్రిటిష్ వారు ఎక్కువగా "ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్" అంటారు. "హావ్ ఈటెన్ యెస్టర్డే" అనడం మాత్రం రెండు చోట్లా చెల్లదు.

అపోహ: దగ్గరి గతానికి సింపుల్ పాస్ట్, దూరపు గతానికి "హాడ్".

ఇది ఎక్కడ పుట్టిందో గాని చాలా గట్టిగా వేళ్లూనుకుంది. "లాస్ట్ మంత్ ఐ హాడ్ గాన్ టు విజయవాడ" వంటి వాక్యాలు ఆఫీసు మెయిళ్లలో తరచుగా కనిపిస్తాయి. సింపుల్ పాస్ట్‌కు దూరంతో పని లేదు. ఒక్క నిమిషం క్రితం తలుపు మూసినా, ధవళేశ్వరం వద్ద గోదావరిపై కాటన్ ఆనకట్ట కట్టినా క్రియారూపం ఒకటే: "ఐ క్లోజ్డ్ ద డోర్", "కాటన్ బిల్ట్ ద డ్యామ్". ఆ ఆనకట్ట పూర్తయింది 1852లో అయినా అక్కడ "హాడ్" అవసరం రాదు. గతంలోని రెండు సంఘటనల్లో ఒకటి మరొక దానికంటే ముందే ముగిసిందని స్పష్టం చేయవలసినప్పుడే దాని అవసరం: "వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్", అంటే నేను చేరేసరికే రైలు వెళ్లిపోయింది.

చాలాకాలం సాగిన పనికి "వాజ్ రూలింగ్" వంటి రూపం ఉండాలన్న నమ్మకం కూడా ఇలాంటిదే. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడని చెప్పడానికి "రూల్డ్" చాలు.

అపోహ: జరిగిపోయిన విషయం కాబట్టి "డిడ్" పక్కన కూడా వీ2 ఉండాలి.

"ఐ డిడ్ నాట్ వెంట్" అనేవారికి నేను తెలుగునే చూపిస్తాను. "తిన్నాను" అనే క్రియను వ్యతిరేకార్థంలో చెప్పేటప్పుడు "తినలేదు" అంటాం. ఆ రూపంలో భూతకాల చిహ్నం కనిపించదు, పైగా నేను, నువ్వు, వాళ్లు అందరికీ అదే సరిపోతుంది. ఇంగ్లీషులోనూ కాలం బరువంతా "డిడ్" మోస్తుంది కనుక దాని పక్కన క్రియ మూలరూపంలో నిలుస్తుంది: "ఐ డిడ్ నాట్ గో", "డిడ్ యు గో?". అయితే "హూ", "వాట్" వంటి మాట తానే కర్త అయినప్పుడు "డిడ్" రాదు, "హూ కాల్డ్ యు?", "వాట్ హ్యాపెన్డ్?" అంటే సరిపోతుంది. వాజ్, వర్ ఉన్న వాక్యాలకు కూడా "డిడ్" అక్కరలేదు, "డిడ్ యు బిజీ?" కాదు, "వర్ యు బిజీ?" అనాలి.

అపోహ: ఈడీ చేరిన ప్రతి క్రియనూ చివర "ఎడ్" అని పలకాలి.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి రెండు మూడు హల్లులు వరుసగా వస్తే మధ్యలో ఒక అచ్చును ఇరికించడం మన నాలుకకు అలవాటు. ఆ అలవాటుతోనే "ఆస్కెడ్", "వాకెడ్" అంటాం. నిజానికి ఈడీకి మూడు పలుకుబడులున్నాయి. మూలక్రియ ట, డ ధ్వనులతో ముగిస్తేనే అదనంగా ఒక అక్షరం పలుకుతుంది: వాంటిడ్, నీడిడ్. ప, క, ఫ, స, ష, చ వంటి శ్వాస ధ్వనుల (గొంతు కంపించకుండా పలికేవాటి) తరువాత అది "ట్" అవుతుంది: స్టాప్ట్, ఆస్క్ట్, లాఫ్ట్, వాష్ట్, వాచ్ట్. మిగిలిన అన్ని చోట్లా "డ్" మాత్రమే: ప్లేడ్, కాల్డ్, లివ్డ్. గొంతు మీద వేలు పెట్టి మూలక్రియ చివరి ధ్వనిని పలికితే, కంపనం తెలిసిన చోట "డ్", తెలియని చోట "ట్" వస్తుంది. వికెడ్, నేకెడ్ వంటివి విశేషణాలు, వాటి ఉచ్చారణ వేరు.

రాతలో కూడా ఒక చిక్కుంది. "స్టాప్"కు ఈడీ చేర్చేటప్పుడు చివరి హల్లును రెట్టిస్తాం గాని "విజిట్"కు రెట్టించం, ఎందుకంటే "విజిట్"లో ఊనిక, అంటే పలికేటప్పుడు పడే ఒత్తు, మొదటి భాగం మీద పడుతుంది.

అపోహ: సక్రమం కాని క్రియలకు పద్ధతే లేదు, అక్షరక్రమ పట్టికను బట్టీ పట్టాల్సిందే.

బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, టేక్, సీ, కమ్ వంటి రోజూ వాడే క్రియలన్నీ ఈ కోవలోనివే. నిరంతరం నోట్లో నానడం వల్లనే వాటి పాత రూపాలు చెరగకుండా నిలిచాయి. పట్టికకు బదులు గుంపులుగా నేర్చుకుంటే పని తేలికవుతుంది. సెండ్, స్పెండ్, లెండ్, బిల్డ్ అనేవి సెంట్, స్పెంట్, లెంట్, బిల్ట్ అవుతాయి. కీప్, స్లీప్, ఫీల్ అనేవి కెప్ట్, స్లెప్ట్, ఫెల్ట్ అవుతాయి. పుట్, కట్, హిట్, లెట్ అసలు మారవు. "రీడ్" రాతలో మారదు గాని "రెడ్" అని పలకాలి. "గో"కు "వెంట్" ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవారుంటారు. అది "వెండ్" అనే వేరే క్రియ నుంచి వచ్చి చేరింది. "వచ్చాను", "రాలేదు" అనే రెంటిని ఒకే క్రియగా వాడే మనకు ఇది వింతగా తోచనక్కరలేదు.

అపోహ: సింపుల్ పాస్ట్ గతాన్ని మాత్రమే చెబుతుంది.

"ఐ విష్ ఐ న్యూ హర్ నంబర్" అన్నప్పుడు ఆమె నంబరు ఇప్పుడు నాకు తెలియదనే అర్థం. "ఇట్స్ టైమ్ వి లెఫ్ట్" అంటే ఇక బయలుదేరాలి అని. "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్" అనేది ఇప్పటి కోరికనే కాస్త మర్యాదగా చెప్పడం. వాస్తవం కాని ఊహను చెప్పేటప్పుడు కూడా ఇదే రూపం వస్తుంది: "ఇఫ్ ఐ వర్ యు". మాటల్లో "ఇఫ్ ఐ వాజ్" కూడా వినిపిస్తుంది గాని, పరీక్షల్లోనూ దరఖాస్తుల్లోనూ "వర్" రాయడమే మంచిది.