ఎలింగ్టన్ పాటలన్నారు సరే, బాణీలెవరివి?

1957లో వెర్వ్ అనే రికార్డు కంపెనీ నాలుగు ఎల్‌పీల సెట్ ఒకటి విడుదల చేసింది. పాడింది అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్. పాటలు జాజ్ బ్యాండ్‌లీడర్ డ్యూక్ ఎలింగ్టన్‌వని అట్ట మీదే ఉంది. అందులో అందరికీ తెలిసిన పాట ‘టేక్ ద ఏ ట్రెయిన్’. ఎలింగ్టన్ బ్యాండ్ పేరెత్తితే ముందు గుర్తొచ్చే బాణీ అదే. అది ఎలింగ్టన్ కట్టిన బాణీ కాదు. బిల్లీ స్ట్రేహార్న్ అనే అతని సహచరుడిది. ‘పెర్డీడో’ ట్రాంబోన్ వాయించే హువాన్ తిజోల్‌ది, ‘కారవాన్’కు మూలమైన బాణీ కూడా అతనిదే. ‘స్క్వాటీ రూ’ సాక్సఫోన్ విద్వాంసుడు జానీ హాడ్జెస్‌ది. ‘చెల్సీ బ్రిడ్జ్’, ‘క్లెమెంటైన్’, ‘లష్ లైఫ్’ మళ్లీ స్ట్రేహార్న్‌వే.

అయితే అట్ట మీద రాసింది అబద్ధమా? అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ఒక బ్యాండ్‌లీడర్ పాటలను ఒక గాయని ఆల్బమ్‌గా పాడినప్పుడల్లా ఈ పేచీ వస్తూనే ఉంటుంది. అది 1957లో మొదలైంది కూడా కాదు. దాని మూలాలు 1920ల నాటి హార్లెమ్‌లో, న్యూయార్క్‌లోని ఆ నల్లవాళ్ల పేటలో ఉన్నాయి.

ముందు ఈ ఆల్బమ్ ఆలోచన ఎవరిదో చూద్దాం. నార్మన్ గ్రాంజ్ అప్పటికే కచేరీలు పెట్టించడంలో ఆరితేరినవాడు. నల్లవాళ్లను, తెల్లవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టే హాల్లో కచేరీ చేయనని భీష్మించుకున్న మనిషి. ఎల్లా కోసమే అన్నట్టుగా వెర్వ్ కంపెనీ పెట్టి, 1956లో కోల్ పోర్టర్ పాటలతో మొదటి ‘సాంగ్ బుక్’ చేయించాడు. లెక్క సులువు: ఒక రచయిత, అతని పాటలు, ఒక గొంతు. పోర్టర్ మాటలూ బాణీ రెండూ తనే పియానో ముందు కూర్చుని రాసుకునేవాడు. పాట కాగితం మీద అచ్చయి ఉండేది. ఎవరైనా తీసుకుని పాడుకోవచ్చు. తర్వాత రోజర్స్-హార్ట్, ఆ పైన బెర్లిన్, గెర్ష్విన్, ఆర్లెన్, కెర్న్, మెర్సర్. 1964 దాకా వచ్చిన ఎనిమిది సాంగ్ బుక్‌లలో నల్లజాతి స్వరకర్త ఎలింగ్టన్ ఒక్కడే. స్వరకర్త స్వయంగా వచ్చి తన బ్యాండ్‌తో వాయించింది కూడా ఈ ఒక్క దానికే. పోర్టర్, గెర్ష్విన్‌ల పక్కన ఎలింగ్టన్‌కూ అదే పీట వేయడం చిన్న సంగతి కాదు.

కానీ ఎలింగ్టన్ పాటలు పోర్టర్ పాటల్లా పుట్టలేదు.

బ్యాండ్‌లో ఎవరో రిహార్సల్‌కు ముందు వేళ్లాడించుకుంటూ రెండు ముక్కలు వాయిస్తారు. ఎలింగ్టన్ చెవిన పడుతుంది. అక్కడ ఆపి, మళ్లీ వాయించమంటాడు. దాని కింద స్వరాలు పేర్చి, మధ్యలో ఇంకో భాగం కట్టి, ఎవరి వాద్యం ఎక్కడ రావాలో తేల్చి, నాలుగు రోజుల్లో స్టేజి ఎక్కిస్తాడు. అది జనానికి నచ్చితే మేనేజర్ ఎవరితోనో మాటలు రాయించి పాటగా అచ్చు వేయిస్తాడు. మన సినిమా వాళ్ల భాషలో చెప్పాలంటే ట్యూన్ ముందు, పాట తర్వాత. ఇక్కడ ఆ ట్యూన్ కూడా పది మంది చేతుల మీదుగా వచ్చేది.

‘మూడ్ ఇండిగో’నే తీసుకుందాం. 1930 నాటిది. న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో క్లారినెట్ పైన పలకాలి, ట్రంపెట్ బాణీ నడపాలి, ట్రాంబోన్ అడుగున ఉండాలి. ఎలింగ్టన్ దాన్ని తలకిందులు చేశాడు. నోటికి మూత పెట్టి ధ్వని అణచిన ట్రంపెట్ పైన, అలాగే నోరు కట్టిన ట్రాంబోన్ దానికి ఆనుకుని నడుమ, క్లారినెట్ ఎక్కడో అడుగున, మందంగా. మూడూ కలిసి మెల్లగా మొదలయ్యే సరికి అది ఏ వాద్యమో పోల్చుకోలేం. ఆ ధ్వని ఎలింగ్టన్‌ది, అందులో అనుమానం లేదు. బాణీలో కొంత మాత్రం తన గురువు లొరెంజో టియో దగ్గర్నుంచి వచ్చిందని క్లారినెట్ వాయించిన బార్నీ బిగార్డ్ చెప్పుకున్నాడు. మాటలు తానే రాశానని మిచెల్ పారిష్ అన్నాడు. అచ్చు కాగితం మీద ఎలింగ్టన్, బిగార్డ్, మేనేజర్ ఇర్వింగ్ మిల్స్ పేర్లున్నాయి. పారిష్ పేరు లేదు.

ఈ మిల్స్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1926 నుంచి 1939 దాకా ఎలింగ్టన్‌కు మేనేజరూ పబ్లిషరూ అతనే. చాలా పాటల మీద మిల్స్ పేరు రచయితగా కనిపిస్తుంది. ఎన్నింటికి నిజంగా కలం పట్టాడన్నది వేరే ప్రశ్న. ‘కారవాన్’ హక్కులను మిల్స్‌కు 25 డాలర్లకు అమ్ముకున్నానని తిజోల్ తర్వాత వాపోయాడు. పాట దేశమంతా మోగిపోయాక అడిగితే కొంత వాటా ఇచ్చారు. అలాగని మిల్స్‌ను ఉట్టి దోపిడీదారుగా కొట్టిపారేయలేం. 1927 డిసెంబరులో బ్యాండ్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో కుదురుకున్న నాటి నుంచి రికార్డింగులకు, రేడియోకు, విదేశాలకు దారి చూపింది అతనే. ‘ఇతను పాటల రచయిత కాదు, స్వరకర్త’ అని ఎలింగ్టన్‌ను తెల్లవాళ్ల పత్రికల్లో గట్టిగా ప్రచారం చేసిందీ అతనే.

బ్యాండ్ వాళ్లకు లోపల గుర్రుగానే ఉండేది. తను మొదట వాయించిన బాణీని ఎలింగ్టన్ పియానో మీద ఎత్తుకోగానే జానీ హాడ్జెస్ తన కుర్చీలోంచి డబ్బు నోట్లు లెక్కబెడుతున్నట్టు వేళ్లాడించేవాడని తోటి వాళ్లు కథలుగా చెప్పుకునేవారు. ‘సొఫిస్టికేటెడ్ లేడీ’లో తన భాగం ఉందని ట్రాంబోన్ లారెన్స్ బ్రౌన్ చివరిదాకా అంటూనే ఉన్నాడు. నువ్వు స్వరకర్తవి కాదు, పోగేసేవాడివి అని ఎలింగ్టన్ మొహం మీదే అన్నాడట. నాకైతే అందులో సగం నిజమే కనిపిస్తుంది. ఆ ముక్కలను బ్రౌన్ ఒక్కడే పోగేస్తే ‘సొఫిస్టికేటెడ్ లేడీ’ వచ్చేది కాదు. పైగా పెద్ద బ్యాండ్‌లు ఒక్కొక్కటే మూతపడిన రోజుల్లో కూడా ఎలింగ్టన్ తన పాటల రాయల్టీలు పోసి బ్యాండ్‌కు ఏడాది పొడుగునా జీతాలిచ్చాడు. హాడ్జెస్ లెక్కబెట్టిన నోట్లలో కొన్ని అలా తిరిగి అతని జేబులోకే చేరాయి.

మాటల గొడవ ఇంకోటి. ‘సొఫిస్టికేటెడ్ లేడీ’ బాణీ కట్టేటప్పుడు తన మనసులో ఉన్నది చలికాలమంతా పాఠాలు చెప్పి వేసవిలో యూరప్ తిరిగొచ్చే టీచర్లని ఎలింగ్టన్ చెప్పేవాడు. తర్వాత చేరిన మాటల్లో ఆ టీచర్లు లేరు. సిగరెట్లు, మందు, ప్రేమలో దెబ్బతిని లోపల్లోపల కుమిలే ఒక నాగరికురాలు ఉంది. మాటలు బాగున్నాయి గానీ తను అనుకున్నది అది కాదని ఎలింగ్టన్ మర్యాదగా అనేవాడు. 1940లో ట్రంపెట్ కూటీ విలియమ్స్ కోసం కట్టిన ‘కాన్సర్టో ఫర్ కూటీ’కి తర్వాత బాబ్ రస్సెల్ మాటలు తగిలిస్తే ‘డూ నథింగ్ టిల్ యూ హియర్ ఫ్రమ్ మీ’ అయింది. ఒక మనిషి ట్రంపెట్ కోసం, అతను ఊపిరి పట్టే తీరును బట్టి కట్టిన బాణీని గాయని గొంతులోకి ఎక్కించుకోవాలి. ఎల్లాకు ఇచ్చింది ఇలాంటి సరుకు.

ఆమెకు బ్యాండ్ కొత్త కాదు. 1934లో అపోలో థియేటర్ పోటీలో గెలిచి, మరుసటి ఏడాదికల్లా చిక్ వెబ్ బ్యాండ్‌లో చేరింది. 1939లో వెబ్ చనిపోతే కొన్నాళ్లు ఆ బ్యాండ్‌ను తన పేరు మీదే నడిపించింది. వాద్యాల మధ్య ఇంకో వాద్యంలా పాడటం అక్కడ అబ్బిందే.

రికార్డింగ్ మొదలైంది మాత్రం ఎలింగ్టన్ లేకుండా. 1956 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో చిన్న బృందంతో. అందులో టెనర్ సాక్సఫోన్ బెన్ వెబ్‌స్టర్, ఒకప్పటి ఎలింగ్టన్ మనిషే. 1940 నాటి ‘కాటన్ టెయిల్’లో వెబ్‌స్టర్ వాయించిన సోలో జాజ్ వాళ్లకు కంఠతా వచ్చు. ఇక్కడ అదే పాటను ఎల్లా మాటల్లేకుండా, ఉట్టి అక్షరాలతో ఉరుకులు పెట్టిస్తుంటే పక్కన వెబ్‌స్టర్ వాయిస్తున్నాడు. ‘సాలిట్యూడ్’కు బార్నీ కెసెల్ గిటార్ ఒక్కటే తోడు. ఎంత తక్కువ వాద్యాలుంటే ఎల్లా గొంతు అంత దగ్గరగా వినిపిస్తుంది.

అసలు బ్యాండ్‌ను రప్పించడం తేలిక కాలేదు. 1956 జులైలో న్యూపోర్ట్ జాజ్ పండుగలో ఎలింగ్టన్ బ్యాండ్‌లోని పాల్ గొన్సాల్వెస్ ఏకబిగిన 27 ఆవృత్తాల సాక్సఫోన్ సోలోతో జనాన్ని లేపి నిలబెట్టాక, ఎలింగ్టన్ మళ్లీ పెద్ద పేరై ‘టైమ్’ పత్రిక ముఖచిత్రానికెక్కాడు. అప్పటికి అతను కొలంబియా కంపెనీ మనిషి. హాడ్జెస్ కాంట్రాక్టు గ్రాంజ్ చేతిలో ఉండటంతో ఇచ్చిపుచ్చుకోవడం కుదిరింది. 1957 జూన్ చివర్లో న్యూయార్క్‌లో నాలుగు రోజులు పెట్టుకున్నారు.

ఎలింగ్టన్ ఏమీ సిద్ధం చేసుకోకుండా వచ్చాడు. మే నెలలోనే టీవీలో పెద్ద కార్యక్రమం, దానికి ముందు షేక్‌స్పియర్ మీద ఒక సూట్, అంటే కొన్ని బాణీల వరస. చేతికి ఖాళీ లేదు. ఎన్నాళ్ల ముందు అనుకున్నా ఒక్క అరేంజ్‌మెంట్ కూడా రాయలేదని గ్రాంజ్ తర్వాత చెప్పాడు. బ్యాండ్ రోజూ వాయించే అరేంజ్‌మెంట్లే తీసి, ఎవరో ఒకరు సోలో వాయించాల్సిన చోట ఎల్లాను పాడమన్నారు. కోల్ పోర్టర్ పాటలకు కాగితం మీద అన్నీ సిద్ధంగా ఉన్న స్టూడియోలో పాడిన మనిషి ఆమె. ఇక్కడేమో టెన్షన్‌తో లేచి వెళ్లిపోబోయిందంటారు. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని ధైర్యం చెప్పింది స్ట్రేహార్న్ అని బ్యాండ్ వాళ్లు గుర్తుచేసుకున్నారు.

ఆ గజిబిజి ఆల్బమ్‌లో వినిపిస్తుంది. కొన్ని పాటల్లో ఆమెకు చోటు ఇరుకు. కానీ ‘రాకిన్ ఇన్ రిథమ్’ లాంటి చోట్ల మాటలే లేకపోవడంతో ఆమె గొంతు నేరుగా సాక్సఫోన్ల వరసలోకి వెళ్లి కూర్చుంటుంది. తక్కువైన నిడివి నింపడానికి ఎలింగ్టన్, స్ట్రేహార్న్ కలిసి ఎల్లా మీద నాలుగు భాగాల రచన ఒకటి కట్టారు. అందులో ఎల్లా పాడదు. ఆమె గురించి వాళ్లిద్దరూ మాట్లాడతారు, బ్యాండ్ వాయిస్తుంది. ఎప్పుడూ తెర వెనకుండే స్ట్రేహార్న్ గొంతు మనకు వినబడేది అక్కడే. 1959లో జరిగిన మొట్టమొదటి గ్రామీల్లో ఈ ఆల్బమ్‌కు ఎల్లా బహుమతి అందుకుంది.

స్ట్రేహార్న్ ఎవరు? పిట్స్‌బర్గ్‌లో మందుల షాపులో పనిచేసిన కుర్రాడు. 1938 డిసెంబరులో స్టాన్లీ థియేటర్‌లో తెర వెనక ఎలింగ్టన్‌ను కలిశాడు. ‘సొఫిస్టికేటెడ్ లేడీ’ని ముందు ఎలింగ్టన్ వాయించినట్టే వాయించి, ఆ తర్వాత తనైతే ఎలా వాయిస్తాడో వాయించి చూపించాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఎంత ధైర్యం! న్యూయార్క్‌కు రమ్మని ఎలింగ్టన్ తన ఇంటికి దారి చెప్పాడు: ‘ఏ’ అనే అక్షరం పేరున్న సబ్‌వే ట్రెయిన్ ఎక్కి హార్లెమ్‌లో దిగు. ఆ దారే బాణీ అయింది. అది మరీ పాత పద్ధతిలా ఉందని స్ట్రేహార్న్ చెత్తబుట్టలో పడేస్తే ఎలింగ్టన్ కొడుకు మెర్సర్ తీసి దాచాడట. పాటలు కట్టేవాళ్ల రాయల్టీలు వసూలు చేసే అస్కాప్ సంఘానికి, రేడియో వాళ్లకు తగాదా వచ్చి 1941 జనవరి నుంచి ఆ సంఘం సభ్యుల పాటలు రేడియోలో రాకుండా పోయాయి. ఎలింగ్టన్ ఆ సంఘం సభ్యుడు. తన బ్యాండ్ తన పాటలే రేడియోలో వాయించలేని పరిస్థితి. సభ్యత్వం లేని స్ట్రేహార్న్ బాణీలు అప్పుడు బయటికొచ్చాయి. అంటే బ్యాండ్‌కు గుర్తింపు పాటను ఇచ్చింది ఒక రాయల్టీ తగాదా.

ఇద్దరి మధ్య రాతకోతల్లేవు. అద్దె, బట్టలు, ఖర్చులు ఎలింగ్టన్ చూసుకునేవాడు. పేరు మాత్రం ఎక్కువసార్లు ఎలింగ్టన్‌దే పడేది. స్ట్రేహార్న్ తను గే అన్న సంగతి ఆ రోజుల్లోనే దాచుకోకుండా బతికాడు. అందరి కళ్లూ పడే చోట అలా బతకడం కష్టం కాబట్టి తెర వెనక ఉండటం అతనికి కొంత నప్పిందని స్నేహితులంటారు. కొంతే. 1950ల మధ్యలో విసిగి కొన్నాళ్లు దూరం జరిగాడు కూడా. తిరిగొచ్చాక పేరు పక్కపక్కనే వేయడం మొదలైంది. ఎల్లా ఆల్బమ్ వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

1963లో అమెరికా ప్రభుత్వం పంపిన పర్యటనలో ఈ బ్యాండ్ మన దేశానికీ వచ్చింది, ఢిల్లీతో పాటు హైదరాబాద్, మద్రాసు కూడా ఆ దారిలో ఉన్నాయి. ఎలింగ్టన్ ఢిల్లీలో జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. ఆ ప్రయాణం నుంచి పుట్టిన ఆల్బమ్‌లో ఢిల్లీ గోరింక మీద ఒక బాణీ ఉంది. అది స్ట్రేహార్న్‌ది.

ఎల్లా ‘లష్ లైఫ్’ పాడింది 1957 అక్టోబరులో, ఒక్క ఆస్కార్ పీటర్సన్ పియానోతో. పిట్స్‌బర్గ్‌లో ఉన్నప్పుడే, ఇంకా ఎలింగ్టన్ మొహం చూడకముందే స్ట్రేహార్న్ మాటలూ బాణీ రెండూ తనే రాసుకున్న పాట అది. ఎలింగ్టన్ పాటల ఆల్బమ్‌లో ఎలింగ్టన్ చేయి ఏమాత్రం పడని పాట. ఈ నాలుగు ఎల్‌పీలలో ఒక్కటే వినండి అంటే నేను చెప్పేది అదే.

స్ట్రేహార్న్ 1967 మే 31న క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఏడాదే ఎలింగ్టన్ బ్యాండ్‌ను స్టూడియోకు తీసుకెళ్లి అన్నీ స్ట్రేహార్న్ రచనలతోనే ఒక ఆల్బమ్ చేశాడు. పని అయిపోయింది. వాళ్లు వాద్యాలు పెట్టెల్లో సర్దుకుంటున్నారు. ఎలింగ్టన్ పియానో దగ్గరే కూర్చుని ‘లోటస్ బ్లాసమ్’ వాయించడం మొదలుపెట్టాడు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. మొదట్లో వెనక మాటలు, సామాను చప్పుడు. పోనుపోను అవి సద్దుమణిగి పియానో ఒక్కటే మిగులుతుంది.